తోలుకి ఏ జిగురు? – మీ ప్రశ్నలు, మా జవాబులు

పోయిన నెల జంతువుల తలలు మౌంట్ చేయడం, అంటే చనిపోయిన జంతువు తోలుని ఒక బొమ్మ మీద తొడిగి నిజం తలలా నిలబెట్టడం గురించి రాసినప్పటి నుంచి వస్తున్న ఉత్తరాల్లో ఎక్కువ భాగం జిగురు మీదే. అందుకే ఈసారి శీర్షిక మొత్తం దానికే ఇచ్చేస్తున్నాం. పేర్లు వద్దన్న వాళ్ళవి తీసేసి ఊళ్ళు మాత్రం ఉంచాం.

ప్రశ్న: నమస్తే అండి. నేను డాలస్ లో ఉంటాను. ఆఫీసు ఫ్రెండ్స్ తో కలిసి నవంబర్ లో డీర్ హంటింగ్ కి వెళ్ళాను, లైసెన్సు, ట్యాగు అన్నీ పక్కాగా ఉన్నాయి, ఒక వైట్‌టెయిల్ బక్ (మగ జింక) దొరికింది. కేప్ ని, అంటే తల, మెడ, భుజాల తోలుని, పదును చేయడానికి ట్యానరీకి పంపితే మొన్న తిరిగొచ్చింది. షోల్డర్ మౌంట్ (భుజాల దాకా తల) నేనే చేద్దామని ఫామ్ (తోలు తొడిగే తల ఆకారపు బొమ్మ), గాజు కళ్ళు, చెవుల్లో పెట్టే ఇయర్ లైనర్లు అన్నీ కొన్నాను కానీ జిగురు దగ్గర ఆగిపోయాను. ఒకడు డెక్స్‌ట్రిన్ పేస్ట్ అంటాడు, ఇంకొకడు సింథటిక్ అంటాడు, మరొకడు రెండు డబ్బాల ఎపాక్సీ అంటాడు. వీటిలో అన్నిటికంటే స్ట్రాంగ్ ఏది? – డాలస్, టెక్సస్

జవాబు: ముందు అక్కడ జిగురు చేసే పనేంటో చూద్దాం, అప్పుడు ఏది కొనాలన్నది సగం దానంతటదే తేలిపోతుంది. తడి తోలుని ఫామ్ మీద తొడిగి కుట్టేశాక అది ఎండుతూ ముడుచుకుంటుంది. నుదురు, మెడ పైభాగం, భుజం లాంటి ఉబ్బెత్తు చోట్ల ఆ ముడుచుకోవడం మనకి మంచిదే, తోలు ఇంకా బిగుసుకుని ఫామ్ కి హత్తుకుపోతుంది, అక్కడ జిగురు కాస్త తక్కువైనా పెద్దగా తెలీదు. గొడవంతా పల్లపు చోట్లే. కంటి ముందుండే కన్నీటి గాడి, ముక్కు రంధ్రం లోపలి అంచు, పెదాల మడత, చెవి లోపలి గుంట, మెడ కండరాల మధ్య పల్లాలు, వీటిల్లో తోలు ఈ గట్టు నుంచి ఆ గట్టుకి నేరుగా లాగేసుకుని ఫామ్ మీద నుంచి పైకి లేచిపోతుంది. దీన్నే మన పనిలో డ్రమ్మింగ్ అంటారు. పూర్తిగా ఎండిపోయాక తోలు తనే గట్టిపడి ఆ ఆకారంలో నిలబడిపోతుంది కాబట్టి జిగురుకి అసలు పరీక్ష ఎండే ఆ మొదటి రోజుల్లోనే, అదీ ఇంకా తడి ఉండగానే. ఎండాక ఎంత బలం అన్నది తర్వాత మాట.

కాబట్టి డబ్బా మీద బలం ఎంతని రాశాడో చూడకండి, మూడు సంగతులు చూడండి. తోలు వేశాక ఎంతసేపు అటూ ఇటూ జరుపుకోవచ్చు, అంటే స్లిప్ ఎంతసేపు ఉంటుంది. తడి తోలు మీద పట్టు ఎప్పుడు మొదలవుతుంది. పక్కకి కారిందాన్ని వెంట్రుకల్లోంచి దేంతో తుడవాలి.

మీకు ఇది మొదటి మౌంట్ కాబట్టి నా సలహా డెక్స్‌ట్రిన్ రకం, లేదంటే నీళ్ళతో కడిగేయగలిగే, నెమ్మదిగా పట్టే హైడ్ పేస్ట్ (ఫామ్ మీద తోలు అతికించే జిగురు). డెక్స్‌ట్రిన్ అంటే పిండి పదార్థాన్ని వేడిచేసి విడగొడితే వచ్చేదే, అందులో మెత్తటి మట్టి లాంటి ఫిల్లర్ కలిపి చిక్కగా చేస్తారు. దీని గొప్పతనం ఏంటంటే మీకు తొందర పెట్టదు. కేప్ తొడిగి, కుట్టు పూర్తి చేసి, ముఖం దగ్గరికొచ్చి కనురెప్పలు సర్దుకునే దాకా తోలు జరుగుతూనే ఉంటుంది, తప్పుగా పడితే ఎత్తి మళ్ళీ వేసుకోవచ్చు, వెంట్రుకలకి అంటితే తడి స్పాంజ్ తో పోతుంది. లోపం కూడా చెప్పాలి, ఇది ఎండాక కూడా తేమ తగిలితే మళ్ళీ మెత్తబడుతుంది, కాబట్టి గోడకి చెమ్మ వచ్చే ఇంట్లో దీన్ని ఒక్కదాన్నే నమ్ముకోవడం నాకు ఇష్టం ఉండదు. డాలస్ లో ఏసీ ఉన్న హాల్లో పెడతారు కాబట్టి మీకు ఆ భయం తక్కువ.

ఎపాక్సీ పేస్ట్ మంచి సరుకే, నీళ్ళకి లొంగదు, పట్టు గట్టిది, కానీ అది చేతి వేగం తెలిసినవాళ్ళది. రెండు డబ్బాలూ కలిపిన క్షణం నుంచి గడియారం మొదలవుతుంది, అదీ వేడిని బట్టి పరిగెత్తుతుంది. పది డిగ్రీల సెల్సియస్ పెరిగితే మీకు దొరికే టైము దాదాపు సగానికి పడిపోతుంది, టెక్సస్ ఎండాకాలంలో గరాజ్ తలుపు మూసుకుని చేస్తే కన్నీటి గాడి దగ్గరికి వచ్చేలోపే బిగుసుకుపోవచ్చు. ఒకేసారి పెద్ద గిన్నెడు కలపకండి, కుప్పగా ఉన్న ఎపాక్సీ తన వేడికి తనే ఇంకా త్వరగా గట్టిపడుతుంది. గ్లవ్స్ లేకుండా అసలు ముట్టుకోవద్దు, దాని హార్డెనర్ కి కొందరికి చర్మం మీద ఎలర్జీ మొదలవుతుంది, ఒకసారి మొదలైతే తర్వాత చుక్క తగిలినా వస్తుంది. చాలామంది చేసే పద్ధతి, నాకు నచ్చేది కూడా, ఒళ్ళంతా నెమ్మది పేస్ట్ వేసి కళ్ళ మూలలు, చెవులు, ముక్కు దగ్గర మాత్రం కొంచెం కొంచెం ఎపాక్సీ వాడటం.

జిగురు తెరిచే ముందు చేయాల్సిన పని ఇంకా పెద్దది. మీరు కొన్న ఫామ్ పాలీయురెథేన్ ఫోమ్ అయ్యుంటుంది, అచ్చులోంచి వచ్చినప్పుడు దాని పైన నున్నటి పొర, అచ్చుకి రాసిన రిలీజ్ మందు మిగులు రెండూ ఉంటాయి, వాటి మీద ఏ జిగురూ నిలవదు. ఆకురాయితో గానీ ముతక శాండ్ పేపర్ తో గానీ అంగుళం వదలకుండా గరుకు చేసి దుమ్ము పూర్తిగా దులపండి. కన్నీటి గాడి, పెదాల గాడి కత్తితో ఇంకొంచెం లోతు చేసుకోండి, తోలు అంచు అందులోకి దూరి కూర్చోవాలి. తర్వాత కేప్ ముఖం భాగం లోపలి వైపు చేత్తో తడిమి చూడండి, కళ్ళ చుట్టూ, పెదాల దగ్గర మందంగా తగిలితే ఇంకా పల్చగా గీకాలి, మందపు తోలు లాగే బలం ముందు ఏ జిగురైనా ఓడిపోతుంది. అన్నిటికంటే ముఖ్యం జిగురు లేకుండా ఒకసారి తొడిగి చూడటం. వెనక కుట్టు దగ్గర లాగి లాగి కలపాల్సి వస్తోందంటే ఫామ్ పెద్దదైంది, అది తగ్గించాలి, అక్కడ జిగురు మార్చి లాభం లేదు.

పేస్ట్ ఫామ్ మీద బ్రష్ తో పల్చగా, సమంగా రాయండి. ఈ ఫోమ్ నీళ్ళు పీల్చదు, ఉన్న తడంతా తోలులోంచి, వెంట్రుకల్లోంచే బయటికి పోవాలి, కాబట్టి ఎక్కువ రాస్తే ఎక్కువ పట్టదు సరికదా లోపల ముద్దలు ముద్దలుగా నిలిచి ఎండడం ఆలస్యమై బూజు పట్టే సందు దొరుకుతుంది. ఫ్యాన్ నెమ్మదిగా, నేరుగా ముఖం మీద కొట్టకుండా పెట్టండి. మొదటి వారం రోజూ పొద్దున్న సాయంత్రం కళ్ళ మూలలు, ముక్కు, చెవులు వేలితో నొక్కి చూడండి, లేస్తున్నట్టు అనిపిస్తే అప్పుడే పిన్ను గుచ్చి కూర్చోబెట్టేయొచ్చు.

ప్రశ్న: అన్నా, మాది సిద్దిపేట దగ్గర పల్లె. మా నాయిన చిన్నప్పటి సంది పెంచిన పొట్టేలు ముసలిదై సచ్చిపోయింది. దాని తలకాయ గుర్తుకు పెట్టుకోవాలని తోలు తీసి ఉప్పు పట్టించి పెట్టినం. ఇక్కడ ఆ హైడ్ పేస్ట్ గిట్ల ఏం దొరకదు. ఫెవికాల్ తోటి అయితదా? మా ఊర్ల డప్పు చేసే పెద్దమనిషి చింతగింజల జిగురు వెట్టు, దాన్ని మించింది లేదంటున్నడు. నిజమేనా? – సిద్దిపేట జిల్లా

జవాబు: ఆ పెద్దాయన మాట తీసిపారేసేది కాదు తమ్ముడూ. చింతగింజలు వేయించి, నానబెట్టి, పైపొట్టు తీసి, నూరి, నీళ్ళలో ఉడికిస్తే వచ్చే జిగురు తోలునీ చెక్కనీ రెంటినీ పట్టుకుంటుంది. కొండపల్లిలో బొమ్మల భాగాలు అతికించే మక్కు చేసేది కూడా చింతగింజల పొడి, రంపంపొట్టు కలిపే. రసాయనం లెక్కన చూస్తే డెక్స్‌ట్రిన్ కి ఇది దూరపు చుట్టమే, రెండూ మొక్కలు దాచుకున్న పిండి లాంటి పదార్థాల నుంచి వచ్చేవే, రెండూ తడి తోలుతో బాగా కలుస్తాయి, జరుపుకోవడానికి టైము ఇస్తాయి.

కానీ డప్పు మీద తోలుకీ, తల మీద తోలుకీ పనే వేరు. డప్పుకి పచ్చితోలు, చుట్టూ చెక్క చట్రం, మధ్యలో ఖాళీ. ఎండేకొద్దీ తోలు ఎంత లాగితే అంత మంచిది, మంట దగ్గర కాచి మరీ ఇంకా బిగిస్తారు, ఆ బిగువులోంచే శబ్దం పుడుతుంది. మన తల మౌంట్ లో అదే లాగుడు శత్రువు, కళ్ళ దగ్గర, చెవుల్లో ఉన్న ప్రతి పల్లం ఒక చిన్న డప్పు అయిపోతుంది. అందుకని జిగురుకంటే ముందు తోలుని పచ్చితోలుగా ఉంచకూడదు. ఉప్పు ఒక్కటే పెడితే అది పాడవకుండా ఆగిందంతే, పదును (ట్యానింగ్) కాలేదు. పటికతో గానీ, ఊళ్ళో ఇంకా తంగేడు చెక్క, కరక్కాయ వాడి పదును చేసేవాళ్ళుంటే వాళ్ళతో గానీ పదును చేయించండి, చెక్కతో పదును చేస్తే రంగు కాస్త గోధుమకి తిరుగుతుంది, తెల్ల పొట్టేలైతే పటికే మేలు. పదునైన తోలు ఎండేటప్పుడు తక్కువ ముడుచుకుంటుంది, అప్పుడు చింతగింజల జిగురు లాంటి మెత్తటి జిగురు కూడా సరిపోతుంది.

పొట్టేలు తోలులో కొవ్వు ఎక్కువ, అది గుర్తుంచుకోండి. గిన్నెలు తోమే లిక్విడ్ వేసిన గోరువెచ్చటి నీళ్ళలో లోపలి వైపు బాగా కడగాలి, నీళ్ళు మరీ వేడి పెట్టొద్దు, పచ్చితోలు అరవై డిగ్రీలు దాటితే ముడుచుకుపోయి మళ్ళీ సాగదు. కడిగాక వేళ్ళతో రుద్దితే జిడ్డు తగలకూడదు. జిడ్డు మీద వేసిన జిగురు ఏదైనా కొన్నాళ్ళకి ఊడుతుంది.

చింతగింజల జిగురుకి ఒకటే పెద్ద బలహీనత, అది తిండి, బూజుకీ పురుగుకీ అదంటే ఇష్టం. బుక్ బైండింగ్ వాళ్ళు మైదా జిగురులో వేసినట్టు చిటికెడు మైలుతుత్తం కలపొచ్చు కానీ అప్పుడు మామూలు ఇనుప సూదులు, మేకులు వాడకండి, మైలుతుత్తం ఇనుముని తినేస్తుంది, స్టెయిన్‌లెస్ స్టీల్ పిన్నులు తెచ్చుకోండి. మైలుతుత్తం విషం కాబట్టి వంట గిన్నెల్లో కలపడం అసలు వద్దు.

ఇక ఫెవికాల్. మామూలు తెల్ల ఫెవికాల్ పీవీఏ జిగురు, చెక్కకి రాజు. తడి తోలు మీద రెండు ఇబ్బందులు. ఒకటి, పైన త్వరగా పొర కడుతుంది కాబట్టి ముఖం సర్దుకునే టైము దొరకదు. రెండోది, ఎండిన తర్వాత కూడా ఆగకుండా లాగుతూ ఉంటే ఆ జిగురు మెల్లగా సాగుతుంది, తోలు రోజుల తరబడి లాగుతూనే ఉంటుంది కదా, పల్లాల్లో అది వదిలేస్తుంది. ఇంకో సంగతి చాలామందికి తెలీదు, పురుగు పట్టకుండా తోలుకి బోరాక్స్ రాసి దాని మీద ఫెవికాల్ వేస్తే రెండూ కలిసి రబ్బరు ముద్దలా అయిపోతుంది, పిల్లలు స్లైమ్ చేసుకునేది సరిగ్గా అలాగే. బోరాక్స్ రాసిన తోలుకి ఫెవికాల్ వద్దే వద్దు. ఫెవికాల్ ఎస్ఆర్ లాంటి రబ్బరు సొల్యూషన్ జిగురు తడి తోలుకి పనికిరాదు, పైగా థర్మోకోల్ తో తల చెక్కుకుని ఉంటే ఆ ద్రావకం దాన్ని కరిగించేస్తుంది.

తల ఆకారం దేనితో చేస్తున్నారో రాయలేదు. రెడీమేడ్ ఫామ్ కోసం తిరగక్కర్లేదు, కాగితం గుజ్జుతో చేసుకోండి. మైసూర్ లో ఈ పనికే పేరుపడ్డ వాన్ ఇంగెన్ కుటుంబం ఇరవయ్యో శతాబ్దం పొడుగునా పులుల్నీ చిరుతల్నీ కాగితం గుజ్జు ఫామ్ ల మీదే మౌంట్ చేసింది, అమెరికాలో కార్ల్ ఎకెలీ మ్యూజియం ఏనుగులకి చేసింది కూడా మట్టితో శిల్పం చెక్కి, అచ్చు తీసి, అందులో పల్చటి గట్టి షెల్ పోసే పద్ధతే. కాగితం ఫామ్ తోలులోంచి కొంచెం తడి పీల్చుకుంటుంది, చింతగింజల జిగురుకి అది బాగా కుదురుతుంది. తోలు వేసే ముందు ఫామ్ మాత్రం లోపలి దాకా ఎండి ఉండాలి. ఒళ్ళంతా చింతగింజల జిగురు, కళ్ళ మూలలూ చెవులూ నెమ్మదిగా గట్టిపడే అరాల్డైట్ (ఎపాక్సీ జిగురు), మీకు దొరికే వాటిలో నేను చేస్తే ఇలాగే చేస్తాను. నాయిన పెంచిన పొట్టేలు అన్నారు కాబట్టి ఇంకో మాట, తోలు తీసేముందు దాని ఫోటోలు ఉంటే ముందు పెట్టుకుని చేయండి, కొమ్ముల మధ్య దూరం, కళ్ళ మధ్య దూరం ఆ పుర్రె మీద కొలుచుకోండి, అప్పుడే అది మీ పొట్టేలులా ఉంటుంది.

ప్రశ్న: చేసిన మౌంట్ లో అన్నీ బానే వచ్చాయి కానీ పది రోజులకి ఒక చెవి లోపల బుడగలా లేచింది. గోరుతో కొడితే డొల్లగా వినిపిస్తోంది. ఇప్పుడు ఏమైనా చేయొచ్చా, రెండో చెవికి కూడా ఇలాగే అవుతుందా? – అట్లాంటా

జవాబు: చెవి దగ్గర ఓడిపోనివాళ్ళు ఈ పనిలో లేరు, దిగులు పడకండి. చెవిలోంచి మెత్తటి ఎముక తీసేసి ప్లాస్టిక్ ఇయర్ లైనర్ పెడతాం కదా, చాలా లైనర్లు పాలిథిలిన్ రకం, ఆ ప్లాస్టిక్ కి జిగురు పట్టడం అంటే ఇష్టమే ఉండదు, ఎపాక్సీ కూడా దాని నున్నటి ముఖం మీద నుంచి పొరలా ఊడొచ్చేస్తుంది. దాన్ని రెండు వైపులా ముతక శాండ్ పేపర్ తో గీతలు పడేలా రుద్దితేనే జిగురు ఆ గీతల్లో కాళ్ళు దిగేసుకుంటుంది. చాలామంది లోపలి గుంట వైపు రుద్దుతారు, అంచులు, అడుగున మెడ దగ్గరి భాగం వదిలేస్తారు. లేచేది సరిగ్గా అక్కడే.

ముందు ఎంత మేర లేచిందో చూసుకోండి. గది చీకటి చేసి చెవి వెనక చిన్న టార్చ్ పెట్టండి, పల్చటి చెవి కాబట్టి జిగురు ఉన్న చోట వెలుగు సమంగా వస్తుంది, గాలి నిలిచిన చోట వెలుతురు రంగు మారి ఒక మచ్చలా కనిపిస్తుంది, దాని అంచు పెన్సిల్ తో చుక్కలు పెట్టుకోండి. ఆ తర్వాత గోరుతో తడుతూ పోతే ఎక్కడ గట్టిగా వినిపిస్తుందో అది హద్దు.

సరిచేయడానికి ముందు తోలు మెత్తబడాలి. దూది తడిపి, పిండి, ఆ మచ్చ మీద మాత్రం పెట్టి పైన ప్లాస్టిక్ కవరు ముక్క కప్పి కొన్ని గంటలు వదిలేయండి, వేలితో నొక్కితే తోలు కిందకి దిగి లైనర్ కి తగిలేంత మెత్తబడాలి, తగలట్లేదంటే ఇంకా ఉంచాలి. అప్పుడు వెంట్రుకల మొదట్లో సన్నటి సూదితో ఒక రంధ్రం చేసి, కాస్త పల్చగా ఉండే నెమ్మది ఎపాక్సీని సిరంజితో కొంచెమే ఎక్కించి, వేలితో లోపల నుంచి అంచు వైపు తోస్తూ గాలి బయటికి పంపండి. ఎక్కువైతే జిగురే బుడగ అవుతుంది. రెండు వైపులా మైనం కాగితం పెట్టి, చెవి వంపుకి తగ్గట్టు కత్తిరించిన అట్ట ముక్కల మధ్య పెట్టి, క్లిప్పులతో బిగించి, తోలు మళ్ళీ పూర్తిగా ఎండేదాకా విప్పకండి. జిగురు గట్టిపడింది కదా అని మర్నాడే విప్పేస్తే తోలు ఇంకా లాగుతూనే ఉంటుంది.

ఫెవిక్విక్ తో పని కాదా అని మీరు అడగకపోయినా ఎవరో ఒకరు అడుగుతారు. తేమ తగిలితే అది క్షణాల్లో గట్టిపడుతుంది కాబట్టి తడి తోలు కింద పరుచుకునే లోపే బిగుసుకుంటుంది, చుట్టూ తెల్లటి పొగలాంటి మచ్చ వేస్తుంది, ఎండాక పెళుసు. కనురెప్ప అంచులో పిన్ను తీసిన చోట ఒక చిన్న చుక్క, అంతవరకే దాని పాత్ర. దూదిని అస్సలు దాని దగ్గరికి తేవద్దు, దూదితో కలిస్తే చేతులు కాలేంత వేడెక్కుతుంది.

రెండో చెవి సంగతి, రెంటికీ ఒకేలా శాండ్ పేపర్ పట్టి ఉంటే అదీ లేవొచ్చు. ఇప్పుడే టార్చ్ పెట్టి చూడండి, చిన్న మచ్చగా ఉండగా పట్టుకుంటే సులువు.

ప్రశ్న: విజయనగరంలో మా అమ్మమ్మగారి పాత ఇంట్లో ముత్తాత కాలం నాటి జింక తల ఉంది. మెడ దగ్గర కుట్టు విచ్చుకుని లోపలి గడ్డి కనిపిస్తోంది, పెదవి కూడా చీలింది. అరాల్డైట్ పెట్టి అతికించమని మా మామయ్య అంటున్నారు. మంచిదేనా? – విజయనగరం

జవాబు: అమ్మా, జిగురు సంగతి తర్వాత, ముందు దాన్ని ఒట్టి చేతుల్తో ముట్టుకోవడం ఆపండి. ఆ కాలంలో తోలుకి పురుగు పట్టకుండా లోపల ఆర్సెనిక్ సబ్బు రాసేవాళ్ళు, పద్దెనిమిదో శతాబ్దంలో ఫ్రాన్స్ లో బెకూర్ అనే ఆయన మొదలుపెట్టిన పద్ధతి అది, ప్రపంచమంతా వాడారు, ఇరవయ్యో శతాబ్దంలో కూడా చాలాకాలం నడిచింది. ఆర్సెనిక్ పాతబడితే పోదు, అలాగే ఉంటుంది. కుట్టు విచ్చుకుంది కాబట్టి ఆ దుమ్ము బయటికి రాలుతూ ఉండొచ్చు. నైట్రైల్ గ్లవ్స్, ఎన్95 మాస్క్ లేకుండా దగ్గరికి వెళ్ళకండి, చీపురుతో దులపకండి, ఇంట్లో వాడే వాక్యూమ్ పెట్టకండి, అది దుమ్ముని గదంతా చిమ్ముతుంది. పిల్లలు తిరిగే గదిలో ఉంటే ఈరోజే తీయించండి.

రెండోది కాగితాలు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద ఇలాంటి వాటికి చీఫ్ వైల్డ్‌లైఫ్ వార్డెన్ ఇచ్చే ఓనర్‌షిప్ సర్టిఫికెట్ ఉండాలి. 2003 లో డిక్లేర్ చేసుకోని వాళ్ళకి కేంద్రం 180 రోజుల గడువు కూడా ఇచ్చింది. వారసత్వంగా వచ్చినవాళ్ళు 90 రోజుల్లో డిక్లరేషన్ ఇవ్వాలి, అమ్మడం మాత్రం కుదరదు. ఇంట్లో పెద్దవాళ్ళని అడిగి ఆ సర్టిఫికెట్ ఎక్కడుందో ముందు వెతకండి. లేకపోతే రిపేరుకి ఎవరి చేతికీ ఇవ్వకముందే అటవీశాఖ వాళ్ళతో మాట్లాడండి. డబ్బు తీసుకుని ఇలాంటి పని చేసేవాళ్ళకి కూడా లైసెన్సు అవసరం.

ఇక మీ మామయ్యగారి అరాల్డైట్. వద్దండి. తీరప్రాంతం కాబట్టి వానాకాలం తోలు తేమ పీల్చి వదులవుతుంది, ఎండాకాలం బిగుసుకుంటుంది, అన్నేళ్ళు అలా లాగి లాగి బలహీనమైన చోట చీలింది. అక్కడ తోలుకంటే గట్టిగా ఉండే ఎపాక్సీ పెడితే ఆ అతుకు కదలదు, దాని పక్కన తోలు చీలుతుంది. పైగా మళ్ళీ తీయలేం. మ్యూజియం కన్జర్వేటర్లు చేసేదేంటంటే చీలిక వెనక సన్నటి జపనీస్ కాగితం వంతెనలా పెట్టి పారలాయిడ్ బీ-72 లాంటి జిగురుతో అతికిస్తారు, రేపు అవసరమైతే ఎసిటోన్ తో కరిగించి తీసేయొచ్చు. నీళ్ళ జిగుర్లు ఇక్కడ వద్దనడానికి కారణం, అన్నేళ్ళుగా ఎండిన పచ్చితోలుకి తడి తగిలితే మళ్ళీ ముడుచుకుని చీలిక ఇంకా వెడల్పవుతుంది. ఇది ఇంట్లో చేసే పని కాదు, కన్జర్వేటర్ చేతికే ఇవ్వండి. అప్పటిదాకా గోడ నుంచి దించి, ప్లాస్టిక్ లో కాకుండా శుభ్రమైన పాత కాటన్ గుడ్డ వదులుగా కప్పి, ఎండ, చెమ్మ తగలని గదిలో తాళం వేసి పెట్టండి. ఆ గుడ్డ మళ్ళీ ఇంట్లో దేనికీ వాడకండి.

ప్రశ్న: వెంట్రుకలతో పదును చేసిన మేకతోలు ఒకటి కొన్నాను. ప్లైవుడ్ మీద అతికించి గోడకి పెట్టాలి. మీరు చెప్పే హైడ్ పేస్ట్ కావాలా? – హైదరాబాద్

జవాబు: అక్కర్లేదు. మీ తోలు పొడిగా, పదునై ఉంది, ప్లైవుడ్ చదునుగా ఉంది, ఎండి ముడుచుకునేది ఏమీ లేదు. పైన వద్దన్న ఫెవికాల్ ఎస్ఆర్ రకం ఇక్కడ సరిగ్గా సరిపోతుంది. రెండు వైపులా పల్చగా రాసి, వేలికి అంటకుండా ఆరేదాకా ఆగి, అప్పుడు కలపాలి. తగిలిన చోట తగిలినట్టే పట్టేస్తుంది, జరపడానికి ఉండదు, కాబట్టి మధ్యలో కాగితం పెట్టి ఒక పక్క నుంచి మెల్లగా లాగుతూ చేత్తో నొక్కుకుంటూ రండి. కిటికీలు తీసి చేయండి, దగ్గర్లో స్టవ్ వెలగకూడదు. అంచులు మాత్రం వెనక్కి మడిచి చిన్న మేకులు కొట్టండి, జిగురు ఒక్కదాని మీద వదలకండి.

ప్రశ్న: వెటర్నరీ చదువుతున్నాను. నాటుకోడి పుంజుని మౌంట్ చేయాలని ఉంది. పక్షి చర్మానికి ఏ జిగురు వాడాలి? – తిరుపతి

జవాబు: ఒంటికి అసలు జిగురే వాడరు. పక్షి చర్మం అంత పల్చగా ఉంటే తడి పేస్ట్ దాన్ని నానబెట్టి ఈకల మొదళ్ళు కదిలిస్తుంది, పైగా ఈకలకి అంటితే కడగడం నరకం. చెక్కపీచుని దారంతో చుట్టి గానీ, ఫోమ్ చెక్కి గానీ కోడి ఒంటి కొలతకి సరిగ్గా బొమ్మ చేసి, కొవ్వు పూర్తిగా తీసిన చర్మానికి బోరాక్స్ పట్టించి తొడిగి కుట్టేయడమే, ఈకలు సర్దితే మిగతా లోపాలన్నీ అవే కప్పేస్తాయి. జిగురు అవసరమయ్యేది రెండు మూడు చోట్లే, ఊడిన ఈక ఒక్కోటి మళ్ళీ నాటడానికి సూది మొన మీద చుక్కంత, పుర్రెలో తీగ కదలకుండా కొంచెం ఎంసీల్. పుంజు జుట్టు, గడ్డం కింద వేలాడే తోలు మాత్రం ఎండితే ముడుచుకుని నల్లబడిపోతాయి, వాటిని ఏ జిగురూ కాపాడలేదు, చర్మం తీయకముందే వాటికి అచ్చు తీసి పెట్టుకుని తర్వాత కృత్రిమంగా పోసి రంగు వేయాలి. మొదటిసారి కోడితోనే మొదలుపెట్టడం మంచి నిర్ణయం. అడవి పక్షులు రోడ్డు పక్కన చచ్చి దొరికినా ముట్టుకోకండి, వాటికి మళ్ళీ అదే వన్యప్రాణి చట్టం వర్తిస్తుంది.